పిల్లవాడి కోసం ఆగని ఆటలు

పిల్లల ఆటల మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. మా ఇంట్లో అవి ఎవరికీ అక్కర్లేదు కాబట్టి, బాబు నిద్రపోయాక వంటగది తలుపు దగ్గరగా వేసుకుని రాసుకుంటున్నాను. బి.ఏ. చదివే రోజుల్లో నవలల మీద, నాటకాల మీద ఇలాగే రాసేదాన్ని. "నీకు ప్రతిదాంట్లోనూ ముందు లోపమే కనిపిస్తుందమ్మాయ్" అనేవారు మా తెలుగు లెక్చరరు గారు. ఇప్పుడు నా చుట్టూ నవలలు లేవు. గవ్వలు, ఇక్కడ గోటీలనే గోళీలు, బండల మీద సుద్దగీతలు ఉన్నాయి. వాటిలోనూ నాకు లోపమే కనిపిస్తుంది. నవల బాగా లేకపోతే మూసి పక్కన పెట్టేదాన్ని. ఆటను అలా మూయడం నా చేతిలో లేదు.

మేముండేది తార్నాకలో, ఒక ఇంటి వెనక పోర్షన్‌లో. మా ఆయన పక్కనే విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు విద్యార్థులకు ప్రయోగాలు చేయించే డెమాన్‌స్ట్రేటరు. ఇద్దరిదీ గుంటూరు వైపు. ముందు పోర్షన్‌లో ఇంటి యజమానురాలు, ఆమె మనవరాలు ఉంటారు. ఆవిడను నేను పెద్దమ్మ అంటాను. నల్లగొండ వైపు రైతు కుటుంబం వాళ్ళది. కొడుకూ కోడలూ అక్కడ సేద్యం చూసుకుంటుంటే, మనవరాలిని మంచి బడిలో చదివించాలని పెద్దమ్మ ఇక్కడ కాపురం పెట్టింది. ఆ పిల్ల మా బాబుకంటే రెండేళ్ళు పెద్ద. వాడికి ఆరు నిండి కొన్ని నెలలైంది. వాడికి ఆట నేర్పిందీ, ఈ ఊరి భాష నేర్పిందీ ఆ పిల్లే.

అష్టాచెమ్మాతో మొదలుపెడతాను. వరండాలో షాబాదు బండల మీద సుద్దతో గళ్ళు గీసి, చింతగింజలు అరగదీసి, మధ్యాహ్నమంతా ఆడేవాళ్ళు. ఆటగా చూస్తే దాన్ని మెచ్చుకోవాలి. చిన్నవాడికీ పెద్దవాడికీ ఒకటే అవకాశం. పరుగు లేదు, దెబ్బ తగలదు, పిల్లలు కళ్ళెదురుగా ఉంటారు. నింపాదిగా సాగే ఆట. ఎవరి వంతు వస్తే వాళ్ళు గింజలు వేసేదాకా మిగతావాళ్ళు ఆగుతారు. కొన్నాళ్ళపాటు అన్ని ఆటలూ ఇలాగే ఉంటే ఎంత బాగుండునో అనుకునేదాన్ని.

ఒకరోజు వరండాలోంచి ఆ పిల్ల కేకలు వినబడి వెళ్ళాను.

"అత్తమ్మా, చూడున్రి! మీ వోడు తొండి చేస్తుండు. ఆని వంతు ఎప్పుడో ఆయె. మళ్ళ నాదే వంతంటుండు."

"నేనెయ్యలే! నాకియ్యనే ఇయ్యలే!" బాబు ఏడుపు గొంతుతో అన్నాడు.

"నీ చేతుల పెట్టిన గద! పెడితే ఇడిసేసినవ్. రెండు పడ్డయ్. దొంగ!"

గింజలు వాడి కాళ్ళ దగ్గరే చెదిరి ఉన్నాయి. రెండు వెల్లకిలా పడ్డాయి. వాడి ముఖం చూస్తే అబద్ధం ఆడుతున్నట్టు లేదు. ఎదుటివాళ్ళ అబద్ధానికి ఉక్రోషపడుతున్నట్టుంది. ఆరేళ్ళకే ఇంత బాగా నటిస్తున్నాడేమిటని భయపడ్డాను. మా ఆయనతో చెబితే, "పిల్లలన్నాక తొండి చేస్తారు, దానికింత బెంగా?" అన్నాడు.

వైకుంఠపాళి గురించి నాకెప్పుడూ మంచి అభిప్రాయం లేదు. పాచికలున్న ఏ ఆటనూ మా అమ్మ గడప దాటనిచ్చేది కాదు. పాస్టరు గారు వచ్చినప్పుడు కంటబడితే పరువు పోతుందని ఆవిడ భయం. సుల్తాన్ బజారులో కొన్న ఆ పటాన్ని నేను ఇంట్లోకి తెచ్చింది మా అమ్మ మీద పంతంతోనే. తెచ్చాక చూస్తే అమ్మ చెప్పింది వేరే కారణమైనా, తీర్పు మాత్రం సరైనదే అనిపించింది. ఆ ఆటలో పిల్లవాడు చేయగలిగింది ఏమీ లేదు. బాగా ఆడినా పాము మింగుతుంది, నిద్రపోతూ ఆడినా నిచ్చెన ఎక్కుతాడు. పైగా పుణ్యం వల్ల పైకి పోయారనీ పాపం వల్ల కింద పడ్డారనీ పిల్లలకు నూరిపోయడం ఒకటి. ఆడేవాడు అక్కడ ఉన్నాడో లేడో పట్టించుకోని ఆట అది. ఈ మాట అప్పుడు నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఇంకొన్ని నెలలు ముందే మేలుకునేవాళ్ళం.

ఆదివారాల్లో మా ఆయన స్నేహితులు క్యారమ్స్‌కు వచ్చేవాళ్ళు. అందరూ క్యాంపస్‌లో పనిచేసేవాళ్ళే. బల్ల మీద పౌడరు చల్లి, లైటు కిందికి దించి, సిగరెట్లు కాలుస్తూ ఆడేవాళ్ళు. బాబు కూడా ఒక మూల నిలబడి చూసేవాడు. ఎప్పుడైనా స్ట్రైకరు ఇస్తే వేలు దాని మీద పెట్టి అలా కదలకుండా ఉండిపోయేవాడు.

"చూడండి, గురి చూసుకుంటున్నాడు. ఏం ఏకాగ్రత!" అనేవాడొకాయన.

"ఇంకో ఇరవై ఏళ్ళకు ఇక్కడే ప్రొఫెసరు. మనమంతా వీడి కింద పనిచేయాలి."

"అప్పటికి మీరు రిటైరవుతారు లెండి సార్!"

అందరూ నవ్వేవాళ్ళు. మా ఆయన ముఖం వెలిగిపోయేది. క్యాంపస్‌లో పిల్లవాడు కదలకుండా కూర్చుంటే చాలు, ఆలోచిస్తున్నాడంటారు. పేటలో పిల్లవాడు అలా నిలబడితే తల్లి వీపు మీద ఒకటి వేసి, "ఏడ చూస్తున్నవ్ రా?" అని అడుగుతుంది. నేనూ చదువుకున్నదాన్నే. నాకూ ఆ పొగడ్త తియ్యగానే ఉండేది. క్యారమ్స్ మీద నా విమర్శ అదే. ఆ ఆటలో గురి చూసుకోవడానికి ఎంతసేపైనా పట్టవచ్చు. అది మర్యాద. ఆ మర్యాద కింద ఏదైనా దాక్కోవచ్చు.

మర్యాద లేని ఆట చిర్రగోనె. మా వైపు బిళ్ళంగోడు అంటారు. చిన్న కర్రముక్కను పెద్ద కర్రతో గాలిలోకి లేపి కొట్టడం. పక్కనున్న ఖాళీ జాగాలో ఆడుతుంటే కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని. ఒక సాయంత్రం ఆ పిల్ల కొట్టిన ముక్క సూటిగా మావాడి మీదికి వచ్చింది. చాలా దూరం నుంచి, ఎత్తు నుంచి, అందరికీ కనిపిస్తూ వచ్చింది. మిగతా పిల్లలు చెదిరిపోయారు. వీడు నిలబడే ఉన్నాడు. చెయ్యి అడ్డం పెట్టలేదు. తల పక్కకు తిప్పలేదు. కనుబొమ మీద తగిలింది. తగిలాక కూడా వెంటనే ఏడవలేదు. రక్తం చెంప దాకా వచ్చాక ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడి, అప్పుడు ఏడ్చాడు.

"హటో, హటో అని ఒర్లిన అత్తమ్మా! నా తప్పు గాదు. కదల్నే లే," అని ఆ పిల్ల కూడా ఏడ్చింది.

పెద్దమ్మ పసుపు అద్దుతూ, "పోరనికి దిష్టి తగిలింది బిడ్డా. గంత తెల్లగ, గంత ముద్దుగ ఉంటడాయె," అంది. నేను ఆ మాట పట్టించుకోలేదు. కానీ దెబ్బకూ ఏడుపుకూ మధ్య ఉన్న ఆ ఖాళీ నన్ను వదల్లేదు.

ఆ తర్వాతే నేను ఆటలను రెండు రకాలుగా చూడటం మొదలుపెట్టాను. కొన్ని ఆటలు పిల్లవాడి కోసం ఆగుతాయి. కొన్ని ఆగవు. ఆగే ఆటల్లో వాడు తొండిగాడు, లేదా మేధావి. ఆగని ఆటల్లో వాడికి దెబ్బలు తగులుతాయి. ఎందుకో మాత్రం తెలియలేదు. తెలియకపోయినా ఇల్లంతా నాకు వేరేగా కనిపించసాగింది. పెరట్లో హౌజు అనే నీళ్ళ తొట్టి ఉంది. నడుం లోతు. పిల్లలు దాని గట్టు మీద బోర్లా పడుకుని కాగితం పడవలు వదులుతారు. కాగితం పడవంత అమాయకమైన ఆట లేదని ఎవరైనా అంటారు. నేనైతే దాన్ని అన్నిటికంటే చెడ్డ ఆట అంటాను. ఆ గట్టు మీద పిల్లవాడు నిశ్శబ్దంగా ఉంటే ఆడుకుంటున్నాడనే అనుకుంటాం. క్యాంపస్ చివర రైలుపట్టా ఉంది. డాబాకు పిట్టగోడ లేదు. కిరోసిన్ స్టవ్వు నేల మీదే ఉంటుంది. ఇవన్నీ అంతకుముందూ ఉన్నాయి. ఇప్పుడు అవి వాడి కోసం కాచుకుని ఉన్నట్టు అనిపించేది.

చర్చిలో ప్రార్థన అప్పుడు అందరూ కళ్ళు మూసుకుంటారు. నేను తెరిచే ఉంచేదాన్ని. ఒకసారి ప్రార్థన మధ్యలో వాడి కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. రెప్పలు సన్నగా కొట్టుకుంటున్నాయి. నా వైపే చూస్తున్నాడు. నేను నవ్వాను. వాడు నవ్వలేదు. నన్ను దాటి ఎటో చూస్తున్నట్టుంది. అంతలోనే మామూలుగా కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. ఆమెన్ అన్నప్పుడు నేనింకా వాడి రెప్పలనే చూస్తున్నాను.

మా ఆయనకు చెప్పాను. "నువ్వు ఎవరి కళ్ళు ఎలా ఉన్నాయో చూస్తూ కూర్చుంటే ప్రార్థన ఎప్పుడు చేస్తావు?" అని నవ్వాడు. ఆయన చెడ్డవాడు కాడు. తనకు కొలవడానికి దొరకని దేన్నీ నమ్మడు, అంతే.

ఆ ఏడాది కాలేజీ వార్షికోత్సవానికి విద్యార్థులు రకరకాల విద్యుత్తు ఆటలు తయారు చేశారు. ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి చూడవచ్చన్నారు. మా ఆయన నెల రోజులుగా ఇంట్లో వాటి సంగతే చెబుతున్నాడు. నేనూ బాబూ వెళ్ళాం. ల్యాబులో కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. లోపల ఉక్కగా, కాలిన సీసం వాసనగా ఉంది.

మొదటిది ప్రశ్నల పలక. ఒక వైపు దేశాలు, ఇంకో వైపు రాజధానులు. సరైన జంట మీద తీగలు పెడితే బల్బు వెలుగుతుంది. అది ఆట కాదు, పరీక్ష. పరీక్షకు బల్బు పెట్టినంత మాత్రాన ఆట అవుతుందా? రెండోది వంకర తీగ. చేతిలో ఉన్న వలయం తీగకు తగలకుండా చివరిదాకా పోనివ్వాలి. తగిలితే గుర్రుమని శబ్దం. అది పెద్దవాళ్ళకు బాగుంది. చేతులు వణికేవాళ్ళను నలుగురిలో నవ్వులపాలు చేయడమే దాని పని. మూడోది గళ్ళలో సున్నాలూ ఇంటూలూ పెట్టే యంత్రం. పాత టెలిఫోను సామాన్లతో చేశారు. ఎత్తు వేసే ముందు లోపల టకటకమంటుంది. ఎవరూ దాన్ని ఓడించలేరని విద్యార్థులు గర్వంగా చెప్పారు. ఓడిపోవడం చేతకానివాడితో ఆడితే ఏం సరదా? రెండు ఆటలయ్యాక జనం పక్కకు తప్పుకున్నారు.

నాలుగోది మా ఆయనది. గుండ్రటి గాజు తెర మీద ఒక ఆకుపచ్చ చుక్క. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతుంటుంది. చుక్క మన అంచుకు వచ్చేసరికి మీట నొక్కితే వెనక్కు తిరుగుతుంది. నొక్కకపోతే గంట మోగుతుంది. ఇద్దరు ఆడవచ్చు. ఒక్కరైతే అవతలి వైపు యంత్రమే ఆడుతుంది. అంతే. బంతి లేదు, బ్యాటు లేదు, చెమట లేదు. నాకు ఆ చుక్క నచ్చలేదు. దానికి అలుపు లేదు. అది ఎవరినీ చూడదు. అయినా అందరి కళ్ళూ దాని వెంటే పోతున్నాయి. పెద్ద పెద్ద ప్రొఫెసర్ల తలలు కూడా అటూ ఇటూ తిరుగుతున్నాయి. జనాన్ని ఇంతగా కట్టిపడేసే ఆటను అంతకుముందు నేను చూడలేదు. ఇకముందు ఇలాంటివే వస్తాయేమోనని భయం వేసింది.

బాబును స్టూలు ఎక్కించారు. అందరూ తెర చూస్తున్నారు. నేను వాడి ముఖం చూస్తున్నాను. ఆకుపచ్చ వెలుగు వాడి బుగ్గల మీద పడుతోంది. బాగా ఆడుతున్నాడు. టక్. టక్. టక్. ఉన్నట్టుండి వాడి ముఖంలోంచి వాడు వెళ్ళిపోయాడు. ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్పలు ఆ రోజు చర్చిలో లాగే సన్నగా కొట్టుకున్నాయి. వేలు మీట మీదే ఉంది. గంట మోగింది. మళ్ళీ మోగింది. తర్వాత, మధ్యలో ఏమీ జరగనట్టు, టక్.

"అయ్యో, తప్పిందిరా బాబూ!" అన్నాడు మా ఆయన.

"ఎక్కడ తప్పింది నాన్నా?"

"గంట మోగింది కదా!"

"మోగలే. నేను ఒక్కటి కూడ ఇడవలే."

వాడు ఆ మాట నింపాదిగా అన్నాడు. వరండాలో చింతగింజల ముందు అన్నట్టే. వాడు ఎప్పుడూ తొండి చేయలేదు. వాడికి నిజంగానే తెలియదు.

ఇంటికొచ్చాక చెప్పాను. మా ఆయన ఏం చెప్పాడో వింటే ఎవరూ నమ్మరు.

"వాడు అబద్ధం చెప్పే పిల్లవాడు కాదు. మోగలేదన్నాడంటే వాడి వైపు తప్పు లేదు. మీట దగ్గర కరెంటు కలిపే రిలే అంటుకుపోతుండాలి. వాడు నొక్కినా అందటం లేదు. రేపు విప్పి చూస్తాను."

"మోగడం నేను విన్నానండీ. మీరూ విన్నారు."

"అందుకే అంటున్నాను. మోగకూడని చోట మోగింది. యంత్రానికే జబ్బు."

ఆ వారమంతా ఆయనా, ఇద్దరు విద్యార్థులూ కలిసి ఆ యంత్రాన్ని విప్పారు. తీగలు మార్చారు, మీట మార్చారు, అతుకులన్నీ మళ్ళీ వేశారు. సాయంత్రం బాబును తీసుకుపోయి ఆడించేవాడు. వాడు మళ్ళీ వదిలేసేవాడు, మళ్ళీ మోగలేదనేవాడు. ఆయన రాత్రి ఆలస్యంగా వచ్చి, "ఇంకా దొరకలేదు. చాలా లోపల ఉంది తప్పు" అనేవాడు. అన్నం వడ్డిస్తూ ఆ మాట వింటే నా చూపు నిద్రపోతున్న బాబు మీదికి పోయేది. కొడుకు మీద నమ్మకంతో మంచి యంత్రాన్ని ముక్కలు చేస్తున్న మనిషిని ఎలా తిట్టాలి?

చివరికి ఒకటే అడిగాను. "ఇంకో పిల్లను ఆడించి చూడండి."

పెద్దమ్మను అడిగి ఆ పిల్లను కూడా తీసుకుపోయాం. స్టూలు ఎక్కగానే, "గిదేంది, గింతేనా? మా ఊర్ల మిణుగురులు గిట్లనే ఎగుర్తయ్" అని పెదవి విరిచింది. ఆడింది. మొదట్లో వదిలేసింది, గంట మోగితే "అరె, హత్!" అని తననే తిట్టుకుంది. కాసేపటికి చెయ్యి కుదిరింది. ఆ తర్వాత ఎప్పుడు తప్పినా, గంట మోగకముందే ఆ పిల్ల నోట "పాయె!" అని వినబడేది. తప్పిందని తనకు తెలిసేది. యంత్రం ఎంతసేపు ఆడినా సరిగ్గానే పనిచేసింది.

తర్వాత బాబును ఎక్కించాం. "తెర వైపు చూడకండి. ఈసారి వాడిని చూడండి," అన్నాను మా ఆయనతో.

ఆయన వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వాడి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. టక్. టక్. గంట మోగింది. ఆయన "బాబూ" అన్నాడు. ఇంకాస్త గట్టిగా "బాబూ" అన్నాడు. వాడి కళ్ళ ముందు చెయ్యి ఊపాడు. గంట మోగుతూనే ఉంది. ఆయనే లేచి స్విచ్చి కట్టేశాడు. చుక్క చిన్నదై ఆరిపోయింది. అప్పుడు బాబు తల తిప్పి, "ఎందుకు ఆపిన్రు నాన్నా?" అన్నాడు.

మా ఆయన వాడిని ఎత్తుకుని ఇంటిదాకా నడిచాడు. ఆరేళ్ళవాడిని ఎత్తుకుని నడవడం కష్టం. అయినా దించలేదు.

పెద్దాసుపత్రి డాక్టరు మేము చెప్పిందంతా విన్నాడు. యంత్రం సంగతి చెప్పినప్పుడు మాత్రం తలెత్తి మా ఆయన వైపు చూశాడు. సొరుగులోంచి ఒక రంగు కాగితం గాలిపంకా తీసి బాబు చేతికిచ్చాడు. "దీన్ని ఆగకుండా తిప్పాలి. ఊదు. ఇంకా ఊదు. గట్టిగా." బాబుకు సరదా వేసింది. బుగ్గలు పొంగించి ఊదాడు. పంకా గిర్రున తిరిగింది. ఊదుతూ ఊదుతూ ఆగిపోయాడు. పంకా నెమ్మదించి, నిలిచింది. వాడి రెప్పలు కొట్టుకున్నాయి. డాక్టరు వాడి భుజం మీద చెయ్యి వేసి, మా ముందే "ఒక చెట్టు పేరు చెబుతున్నా, గుర్తుపెట్టుకో. వేపచెట్టు" అన్నాడు. కాసేపటికి బాబు మళ్ళీ ఊదడం మొదలుపెట్టాడు. "నేనిప్పుడు ఏ చెట్టు పేరు చెప్పాను?" అని డాక్టరు అడిగితే, వాడు మా ముఖాలు చూసి, "చెప్పలే గదా" అన్నాడు.

అంత అందమైన ఆటవస్తువు నేను ఎక్కడా చూడలేదు. ఇంత భయం కూడా ఏ ఆటలోనూ పడలేదు.

ఇది ఒకరకం మూర్ఛే, గట్టిగా ఊదితే వస్తుంది, అందుకే ఊదించాను అన్నాడు డాక్టరు. పడిపోరు, కొట్టుకోరు, కాసేపు లేకుండా పోతారు. రోజుకు చాలాసార్లు పోతుండవచ్చు. సిరప్ రాసిచ్చాడు. పెద్దయ్యాక పోవచ్చన్నాడు. పోకపోతే ఏమవుతుందని అడిగాను. "అప్పుడు చూద్దాం" అన్నాడు. మెరిసే వెలుగులు వద్దు, నీళ్ళ దగ్గరికి వద్దు, ఎత్తులు వద్దు. "మిగతావి ఆడనివ్వండి. ఇంట్లో కట్టేయకండి."

చెప్పడం తేలికే. ఆడనివ్వాలంటే వాడితో ఆడేవాళ్ళుండాలి. మూర్ఛ అన్న మాట బయటికి పొక్కితే ఏ తల్లి పంపుతుంది? మా ఆయన ఎవరికీ చెప్పవద్దన్నాడు. క్యాంపస్‌లో నిన్నటిదాకా ప్రొఫెసరన్న నోళ్ళు రేపు ఏమంటాయో ఆయనకు తెలుసు. నేను రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు బాబు హౌజు గట్టు మీద బోర్లా పడుకుని కనిపించాడు. పరుగెత్తుకుపోయి లాగాను. తర్వాత నేరుగా ముందు పోర్షన్‌కు వెళ్ళి పెద్దమ్మకు చెప్పేశాను.

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేటను కింద పెట్టింది.

"ఫిట్సా బిడ్డా?"

"అలాంటిదే పెద్దమ్మా. పడిపోడు. మందిస్తున్నాం."

"మా ఆడిబిడ్డ కొడుక్కుండె. పొయ్యిల పడ్డడు." చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, "మౌలాలి దర్గల తాయెత్తు కట్టిస్త. మీరు కట్టుకుంటరో లేదో, మీది యేసుప్రభువాయె," అంది.

ఆ మధ్యాహ్నమే మనిషిని పిలిపించి హౌజు మీద మందపాటి చెక్కలు వేయించి, మధ్యలో బొక్కెన పట్టేంత కంత మాత్రం ఉంచింది. ఆ సాయంత్రమే మనవరాలిని లోపలికి పిలిచి తలుపు వేసుకుంది. రెండు పనులూ ఆవిడే చేసింది. ఒకదానికి దండం పెట్టాలో, రెండోదానికి కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. బాబు వరండాలో ఒక్కడే గళ్ళు గీసుకుని, రెండు వైపులా తనే ఆడాడు. ఆ ఆటను గురించి ఏమీ రాయను.

కొద్ది రోజులకు పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మళ్ళీ కలిశారు. ఆ పిల్లను ఎంతసేపని లోపల పెట్టగలరు? ఖాళీ జాగాలోంచి నవ్వులు వినబడి సంతోషంగా కిటికీ దగ్గరికి వెళ్ళాను.

కొత్త ఆట. ఒకడు మధ్యలో గోటీలు పట్టుకుని నిలబడతాడు. ఉన్నట్టుండి కళ్ళు తేలేసి, రెప్పలు టపటప కొట్టుకుంటూ, బొమ్మలా అయిపోతాడు. మిగతావాళ్ళు "బేఖబర్! బేఖబర్!" అని అరుస్తూ చుట్టూ గెంతుతారు. అంటే లోకం తెలియకుండా పోయాడని. వాడు నవ్వకుండా, కదలకుండా ఉన్నంతసేపూ ఒక్కొక్కరే వచ్చి వాడి చేతిలోని గోటీలు తీసుకుంటారు. నవ్వితే ఔట్. అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డవాడే గెలిచినట్టు.

నా కొడుకును చూసి కట్టిన ఆట అది. వాడి కళ్ళు, వాడి వేళ్ళు, మెడ కొద్దిగా పక్కకు వాలడం. దేన్నీ వదల్లేదు. నేను ఇన్ని నెలలు పట్టి చూసింది వాళ్ళు ఎప్పుడో చూసి పెట్టుకున్నారు. ఇంత క్రూరమైన ఆట ఇంకొకటి లేదు. చెప్పుల్లేకుండా బయటికి పరుగెత్తాను.

"ఆపండి! ఎవరు మొదలుపెట్టారు ఇది?"

అందరూ ఆగిపోయారు. మధ్యలో నిలబడి ఉన్నది మా బాబే. వాడు నా వైపు తిరిగి కాళ్ళు నేలకేసి కొట్టాడు.

"అమ్మా! ఎందుకొచ్చినవ్? నేనే గెలుస్తున్నా! అందరికంటె నేనే మంచిగ చేస్తున్నా!"

నిజమే, మిగతావాళ్ళకు నవ్వు ఆగటం లేదు. వాడొక్కడే చివరిదాకా నిలబడుతున్నాడు. వాడిని తొండిగాడు అనని ఆట, నాకు తెలిసి, ఇదొక్కటే. నేను వెనక్కు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ఆట మళ్ళీ మొదలైంది. మళ్ళీ వాడి వంతు వచ్చింది. నిలబడ్డాడు. రెప్పలు కొట్టుకున్నాయి. పిల్లలు గెంతారు, గోటీలు తీసుకున్నారు. వాడు కదల్లేదు. నేను గుమ్మం పట్టుకుని చూస్తున్నాను. కన్నతల్లిని. ఎన్ని నెలలుగానో వాడి ముఖం తప్ప ఇంకేమీ చూడనిదాన్ని. అది ఆటో నిజమో నాకు తెలియలేదు.

ఆ పిల్ల గెంతడం ఆపింది. చెయ్యెత్తి మిగతావాళ్ళను ఆపింది. తీసుకున్న గోటీలు మళ్ళీ వాడి దోసిట్లో పెట్టి, చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది.

"అత్తమ్మా, గిది ఆట గాదు," అంది. గొంతు చాలా మామూలుగా ఉంది. "వస్తడు. ఆగున్రి."

అందరూ ఆగారు. వాడు వచ్చాడు. గోటీలు చూసుకుని, "ఎవ్వరు తీస్కోలే!" అని ఎగిరాడు.

సిరప్ మోతాదు నిన్న పెంచారు. రేపు పొద్దున లేవగానే వాడు ఖాళీ జాగాకు పరుగెత్తుతాడు. నేను గుమ్మంలో నిలబడతాను. వాడు మధ్యలో బొమ్మలా నిలిచిపోయినప్పుడు, ఆ ఎనిమిదేళ్ళ పిల్ల ముఖం వైపు చూస్తాను. ఆ పిల్లను పెద్దమ్మ మళ్ళీ లోపలికి పిలిచిన రోజు ఏం చేయాలో నాకు తెలియదు.